పంటల వైవిధ్యం మీద జర్మనీలో ఫెలోషిప్‌తో పీజీ: 7.6 ఓజీపీఏకి వస్తుందా, వచ్చాక పనికొస్తుందా?

ప్రశ్న: బీఎస్సీ అగ్రికల్చర్ చేశాను, ఓజీపీఏ (డిగ్రీ మొత్తానికి సగటు గ్రేడు) పదికి 7.6. రెండున్నరేళ్లుగా రాయలసీమలో దేశీ విత్తనాల మీద పనిచేసే ఒక సంస్థలో ఉన్నాను. పంటల వైవిధ్యం, ఆహార భద్రత మీద విదేశంలో పూర్తి ఫెలోషిప్‌తో పీజీ చేయాలని ఉంది. నాలాంటి వాళ్లకు వస్తుందా? తిరిగొచ్చాక ఇక్కడ ఉద్యోగం దొరుకుతుందా? జర్మన్ ముందే నేర్చుకోవాలా?

జవాబు:

వచ్చే అవకాశం ఉంది. అదీ మీ మార్కుల వల్ల కన్నా మీ రెండున్నరేళ్ల పని వల్ల. నేనూ అనంతపురం వైపు ఇలాంటి పని చేస్తూనే అప్లై చేసి, స్టుట్‌గార్ట్‌లో ఉన్న హోహెన్‌హైమ్ యూనివర్సిటీలో ఉష్ణమండల వ్యవసాయం మీద ఎమ్మెస్సీ చేశాను. విదేశీ విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లిచ్చే జర్మనీ సంస్థ డీఏఏడీ వాళ్ల ఎపోస్ అనే స్కాలర్‌షిప్ మీద వెళ్లాను, కాబట్టి దాని గురించే చెబుతాను. బ్రీడింగ్ (కొత్త పంట రకాల తయారీ) మీదే మనసుంటే యూరోపియన్ యూనియన్ స్కాలర్‌షిప్ పథకం ఎరాస్మస్ ముండస్‌లో ఎంప్లాంట్ అనే కోర్సు ఉంది, అదీ చూడండి.

ఎపోస్ డబ్బు జర్మనీ అభివృద్ధి సహకార మంత్రిత్వ శాఖ నుంచి వస్తుంది. ఈ ఒక్క విషయం గుర్తుంటే మిగతా నిబంధనలన్నీ ఎందుకున్నాయో అర్థమైపోతుంది. వాళ్లకు కావలసింది తెలివైన విద్యార్థి ఒక్కటే కాదు, చదువుకుని తిరిగెళ్లి సొంత దేశంలో పనిచేసే మనిషి. అందుకే సాధారణంగా డిగ్రీ తర్వాత కనీసం రెండేళ్ల ఉద్యోగానుభవం అడుగుతారు. డిగ్రీ పూర్తయి ఆరేళ్లు దాటకూడదు. ఇప్పుడు పనిచేస్తున్న చోటి నుంచి లెటర్‌హెడ్ మీద సిఫార్సు లేఖ కావాలి. చదువయ్యాక మళ్లీ ఉద్యోగంలోకి తీసుకుంటామని మీ సంస్థ రాసిస్తే అది కూడా జత చేయొచ్చు. తప్పనిసరి కాదు గానీ, చిన్న సంస్థల్లో ఇలాంటి లేఖ అడగడానికి మొహమాటపడి వదిలేసేవాళ్లు చాలామంది. మీరు వదలకండి.

ఇంకో సంగతి: అప్లికేషన్ డీఏఏడీకి కాదు, నేరుగా కోర్సుకే పంపాలి. జాబితాలోని కోర్సుల్లో మూడింటి వరకు ఎంచుకోవచ్చు, ఏది మొదటి ఇష్టమో మోటివేషన్ లెటర్‌లో చెప్పాలి. గడువు కోర్సును బట్టి మారుతుంది. చాలావాటికి చదువు మొదలయ్యే తేదీకి దాదాపు ఏడాది ముందే ముగిసిపోతుంది. వచ్చే ఏడాది వెళ్లాలనుకుంటే ఈ ఏడాదే కాగితాలు సిద్ధం కావాలి.

మార్కుల లెక్క చూద్దాం. జర్మనీలో 1 అంటే అన్నిటికన్నా మంచి గ్రేడు, 4 అంటే పాస్. గరిష్ఠం 10, పాస్ 5 అనుకుంటే, 10లోంచి మీ 7.6 తీసేయండి, వచ్చిన 2.4ను 5తో భాగించి, 3తో గుణించి, 1 కలపండి. 2.44 వస్తుంది. 2.5 లోపు అడిగే కోర్సులు కొన్ని ఉంటాయి, వాటికీ మీరు సరిపోతారు. టాపర్ కాదని టెన్షన్ వద్దు. అలాగని మార్కులు అసలు చూడరని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

అసలు కథంతా మోటివేషన్ లెటర్‌లోనే ఉంటుంది. జూనియర్లు నాకు పంపే డ్రాఫ్టుల్లో చాలావరకు ప్రపంచ జనాభాతో మొదలై, వాతావరణ మార్పు మీదుగా, 'నా దేశానికి సేవ చేస్తాను' దగ్గర ఆగుతాయి. అది ఎవరైనా రాయొచ్చు, మీరే రాయనక్కర్లేదు. ఒక పంట, ఒక ప్రాంతం, ఒక ప్రశ్న పట్టుకోండి. నేను కొర్ర పట్టుకున్నాను. అనంతపురంలో వేరుశనగ అంతటా పరుచుకున్నాక, అందులోనూ 1940లో విడుదలైన టీఎంవీ-2 ఒక్క రకమే దశాబ్దాల పాటు పొలాలను ఏలాక, కొర్ర, సామ, జొన్న వెనక్కి పోయాయి. పోయిన సంగతి అందరికీ తెలుసు. కొన్ని ఇళ్లలో మాత్రం ఎందుకు మిగిలాయన్నది నా ప్రశ్న. ఏ ఊళ్లో, ఎవరి చేతిలో, ఏ అవసరానికి ఆ విత్తనం నిలిచింది? పశువుల మేత కోసమా, వానలు ఆలస్యమైన ఏడు ఆఖరి అవకాశంగా చల్లుకోవడానికా, లేక ఇంటి పెద్దావిడకు ఆ అన్నమే ఇష్టమవడం వల్లా? ఈ చివరి కారణాన్ని శాస్త్రవేత్తలు తేలిగ్గా తీసుకుంటారు గానీ, నా అనుభవంలో అది చాలా గట్టి కారణం.

మీకు మీ పనిలోనే ఇలాంటి ప్రశ్న దొరికి ఉంటుంది. దాన్ని ఒక పేరాలో రాసి, దానికి జవాబు వెతకడానికి మీకు ఏ నైపుణ్యం లేదో, అది ఆ కోర్సులో ఎక్కడ దొరుకుతుందో చెప్పండి. లెటర్ రెండు పేజీలు దాటకూడదు.

ఇక చాలామంది దెబ్బతినే చోటు. 'మా ఊరి దేశీ రకాలు తీసుకెళ్లి జర్మనీ ల్యాబ్‌లో జన్యు విశ్లేషణ చేస్తాను' అని థీసిస్ ప్లాన్ రాస్తారు. సూట్‌కేసులో గుప్పెడు విత్తనాలు పట్టుకుపోవడం కుదరదు. మనకు 2002 నాటి జీవవైవిధ్య చట్టం ఉంది, విత్తనం దేశం దాటాలంటే చెన్నైలోని నేషనల్ బయోడైవర్సిటీ అథారిటీ అనుమతులు, దేశపు విత్తన సంపదను చూసే ఎన్‌బీపీజీఆర్ సంస్థ ప్రక్రియ ఉంటాయి. అటు యూరప్‌లోకి దిగాలంటే తెగుళ్లు, పురుగులు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ లేకుండా విత్తనం లోపలికి రాదు. రెండేళ్ల కోర్సులో థీసిస్‌కు దొరికేది దాదాపు ఆరు నెలలు. ఈ కాగితాలు ఆ ఆరు నెలల్ని సునాయాసంగా మింగేస్తాయి.

దీనికి రెండు దారులు. ఒకటి, ఫీల్డ్ వర్క్ ఇక్కడే పెట్టుకుని, విత్తనాన్ని కాక సమాచారాన్ని తీసుకెళ్లడం. దానికీ సర్వే చేసే ఊళ్లలో రైతుల సమ్మతి తీసుకోవాలి. నేను చేసింది ఇదే. రెండోది, అంతర్జాతీయ జీన్‌బ్యాంకుల్లో (పంటల విత్తనాలను దాచే కేంద్రాల్లో) ఇప్పటికే ఉన్న నమూనాలు అడగడం. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన కేంద్రం ఇక్రిశాట్‌లో 1.2 లక్షలకు పైగా నమూనాలున్నాయి. 2004లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ విత్తన ఒప్పందం కింద, ఒక ప్రామాణిక ఒడంబడిక మీద సంతకం పెడితే పరిశోధనకు ఇస్తారు. ఆ ఒప్పందం అనుబంధంలో 64 పంటలే ఉన్నాయి. వరి, జొన్న, సజ్జ, రాగి, కంది, శనగ ఉన్నాయి. వేరుశనగ లేదు, కొర్ర కూడా లేదు. ఇక్రిశాట్ లాంటి కేంద్రాలు మాత్రం జాబితాలో లేని పంటలకూ అదే ఒడంబడిక వాడతాయి. ఇంటర్వ్యూ పెడితే ఈ తేడా తెలిసిన అభ్యర్థి వేరేగా కనిపిస్తాడు.

చదువు గురించి. జీన్‌బ్యాంకు అంటే బయటివాళ్లకు నార్వేలోని స్వాల్‌బార్డ్ మంచుకొండలో ఉన్న విత్తన ఖజానాయే గుర్తొస్తుంది. 2008లో తెరిచిన ఆ ఖజానా లోంచి మొదటిసారి విత్తనాలు తీసింది 2015లో, యుద్ధంలో చిక్కిన సిరియాలోని అలెప్పో జీన్‌బ్యాంకు కోసం. గొప్ప కథే. కానీ రోజువారీ పని అలా ఉండదు. తేమ కొలవడం, ఎండబెట్టడం, లేబుల్ అంటించడం, కొన్నేళ్లకోసారి మొలక శాతం చూసి, అది 85కు తగ్గితే మళ్లీ పొలంలో వేసి కొత్త విత్తనం తీయడం. విత్తనంలో తేమ ఒక శాతం తగ్గితే నిల్వకాలం దాదాపు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది. వేప ఆకు, బూడిద కలిపి కుండలో పెట్టే మన అవ్వలు కూడా విత్తనాన్ని ముందు బాగా ఎండబెట్టేది ఇందుకే. గాటర్స్‌లేబెన్‌లో దాదాపు 1.5 లక్షల నమూనాలున్న జర్మనీ జీన్‌బ్యాంకు చూడటానికి వెళ్లినప్పుడు నాకు నచ్చింది చల్లటి గదులు కాదు, ప్రతి పొట్లానికీ ఉన్న రికార్డు.

ఇంత చాకిరీ ఎందుకని ఎవరైనా అడిగితే నేను వరి గడ్డి పొట్టి తెగులు సంగతి చెబుతాను. 1970ల్లో ఆ వైరస్ ఆసియా వరిని దెబ్బతీసింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఇర్రి వేల నమూనాలు పరీక్షిస్తే, తట్టుకున్నది ఉత్తరప్రదేశ్ నుంచి సేకరించిన ఒరైజా నివారా అనే అడవి వరి ఒక్కటే. ఐఆర్-36 వంటి రకాలకు ఆ గుణం అక్కడి నుంచే వచ్చింది. సేకరించేటప్పుడు అది కలుపు మొక్కలాంటిదే, దాని విలువ ఎవరూ ఊహించలేదు.

హోహెన్‌హైమ్ పుట్టుకలోనూ ఆకలే ఉంది. 1815లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలడంతో మరుసటి ఏడు యూరప్‌లో వేసవే రాలేదు, పంటలు పోయి కరువొచ్చింది. ఆ తర్వాత 1818లో వ్యుర్టెంబెర్గ్ రాజు పెట్టిన వ్యవసాయ పాఠశాలే ఇవాళ్టి యూనివర్సిటీ.

మొదటి సెమిస్టర్‌లో మాత్రం స్టాటిస్టిక్స్ చుక్కలు చూపిస్తుంది. వెళ్లేలోపు గణాంకాల విశ్లేషణకు వాడే ఆర్ (R) సాఫ్ట్‌వేర్ ఎంతో కొంత పట్టుకోండి.

డబ్బు: మాస్టర్స్‌కు నెలకు 992 యూరోలు, పైగా ఆరోగ్య బీమా, ప్రయాణ భత్యం. హాస్టల్ గది దొరికితే హాయిగా సరిపోతుంది. స్టుట్‌గార్ట్‌లో బయట అద్దెలు ఎక్కువ, కాబట్టి సీటు రాగానే మొదట చేయాల్సిన పని హాస్టల్‌కు పేరు రాయించుకోవడం.

ఉద్యోగం దగ్గర కాస్త కటువుగా చెప్పాలి. మీ లక్ష్యం వ్యవసాయ వర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టో, ఏఆర్ఎస్సో (కేంద్ర వ్యవసాయ శాస్త్రవేత్తల సర్వీసు) అయితే ఈ దారి అంత మంచిది కాదు. అక్కడ జెనెటిక్స్ అండ్ ప్లాంట్ బ్రీడింగ్ అని సబ్జెక్టు పేరు చూస్తారు, ఉష్ణమండల వ్యవసాయం అన్న డిగ్రీని ఏ గడిలో పెట్టాలో తేల్చరు, పైగా ఆ డిగ్రీ ఇక్కడి డిగ్రీతో సమానమని చెప్పే ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ కోసం తిరగాలి. ఆ లక్ష్యమే ఉంటే ఇక్కడే జేఆర్ఎఫ్ (పీజీ సీటు, ఫెలోషిప్‌ల కోసం రాసే పరీక్ష) రాసి పీజీ చేసి, పీహెచ్‌డీకి విదేశం వైపు చూడండి. అలా కాకుండా విత్తన బ్యాంకులు, అంతర్జాతీయ కేంద్రాలు, ప్రకృతి వ్యవసాయ కార్యక్రమాలు, చిరుధాన్యాల రైతు సంఘాలు మీ దారైతే ఈ డిగ్రీ బాగా పనికొస్తుంది. పులివెందులలో జర్మనీ సాయంతో ఆగ్రోఎకాలజీ (ప్రకృతికి అనుగుణంగా సాగే వ్యవసాయం) అకాడమీ పెట్టారు, జర్మనీలో చదివిన వాళ్లకు అలాంటి చోట్ల మాట కలుస్తుంది. నేను తిరిగొచ్చి పాత సంస్థలోనే చేరాను. జీతం పెద్దగా పెరగలేదు. చేసే పని మాత్రం మారింది. ఇప్పుడు మా విత్తన నిల్వల రికార్డులు, మొలక పరీక్షలు నేనే చూస్తున్నాను.

భాష: కోర్సు ఇంగ్లిష్‌లోనే. చదువు మొదలయ్యే ముందు జర్మన్ కోర్సుకు డీఏఏడీనే డబ్బిస్తుంది, కాబట్టి అప్లికేషన్ కోసం ఇప్పుడు జర్మన్ నేర్చుకోనక్కర్లేదు. ఆ సమయం ఐఈఎల్‌టీఎస్‌కు పెట్టండి. మోటివేషన్ లెటర్ డ్రాఫ్ట్ రాశాక ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.