పది వారాల ఆస్ట్రేలియా ప్రయాణమా? కారు కొనండి, నాన్నగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి

అమ్మానాన్నలతో పెర్త్ నుంచి మెల్‌బోర్న్ దాకా పది వారాలు కారులో తిరగాలి, కారు అద్దెకు తీసుకోవడం మేలా, పాతది కొని చివర్లో అమ్మేయడం మేలా అని అడిగారు. ఇదే దారిలో, ఇలాగే అమ్మానాన్నలను వెంటబెట్టుకుని, 2018లో నేను వెళ్ళాను. కొనండి. మూడు వారాల లోపు ప్రయాణమైతే అద్దె కారు చాలు, దానికి నేను అడ్డు చెప్పను. పది వారాలకు మాత్రం అద్దె కారు వైపు చూడకండి.

ముందు డబ్బు సంగతి. నన్ను అద్దె కారుకు రోజుకు 75 ఆస్ట్రేలియా డాలర్లు అడిగారు, 70 రోజులకు 5,250. పెర్త్‌లో తీసుకుని మెల్‌బోర్న్‌లో వదిలిపెడితే మరో 600. ప్రమాదం జరిగితే మనం కట్టాల్సిన మొత్తాన్ని తగ్గించుకోవాలంటే రోజుకు 25 చొప్పున 1,750. అంతా కలిపి 7,600 డాలర్లు. నేను 4,800కు పదమూడేళ్ళ పాత స్టేషన్ వ్యాగన్ కొన్నాను. యాజమాన్య బదిలీ మీద 2.75 శాతం సుంకం, చిన్నాచితకా రుసుములు కలిపి 150. మెకానిక్ పరీక్ష, రెండు టైర్లు, కొత్త బ్యాటరీ, ఎదుటివారి వాహనానికి నష్టం జరిగితే పనికొచ్చే బీమా, వీటికి వెయ్యి. చివరికి 3,600కు అమ్మాను. అంటే నా చేతి నుంచి పోయింది 2,350. కోవిడ్ తరువాత పాత కార్ల ధరలు పెరిగాయని మీకు ఎవరైనా చెబుతారు. నిజమే, కానీ కొనే ధర పెరిగినచోట అమ్మే ధరా పెరుగుతుంది.

అద్దె ఒప్పందాన్ని ఒక్కసారి పూర్తిగా చదవండి. కౌంటర్ దగ్గర చదవనివ్వరు, వెనక వరుస ఉంటుంది, సంతకం పెట్టమంటారు. చాలా ఒప్పందాల్లో తారు వేయని రోడ్డు మీదికి కారు ఎక్కకూడదు. మారుమూల ప్రాంతాల్లో చీకటి పడ్డాక ఊరు దాటి నడపకూడదని కొన్నిటిలో ఉంటుంది. ప్రాథమిక బీమాలో అద్దం, టైరు, బండి అడుగుభాగం తరచుగా ఉండవు. ఆ దేశంలో ఎదురుగా వచ్చే లారీ చక్రం కింది నుంచి రాయి ఎగిరి తగిలేది మొదట అద్దానికే! రోజుకు ఇన్ని కిలోమీటర్లే అనే పరిమితి వేరే. అంతకు ముందు ఏడాది నేను ఒక్కడినే వెళ్ళినప్పుడు పన్నెండు రోజులు అద్దె కారు నడిపాను. ప్రతి సాయంత్రం దిగి, చుట్టూ తిరిగి గీతలు వెతుక్కోవడమే పనిగా ఉండేది. సముద్రం పక్కన నిలబడి కూడా బంపర్ వైపే చూశాను. అమ్మానాన్నలతో వెళ్ళినప్పుడు అలా గడపకూడదని అప్పుడే నిశ్చయించుకున్నాను.

మా నాన్నగారు ఆర్టీసీ డిపోలో 32 ఏళ్ళు మెకానిక్‌గా పనిచేశారు. 2010లో రిటైరయ్యారు. అప్పటి నుంచి ఇంట్లో కుళాయి కారితే తప్ప ఆయన చేతికి పని లేదు. పెర్త్‌లో మా చెల్లెలు ఉంటుంది కనుక అమ్మానాన్నలు అప్పటికే ఒకసారి వచ్చి వెళ్ళారు. ఆ మూడు నెలలూ ఆయన ఆ ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని గడిపారు. ఈ మాట కొంచెం గట్టిగానే చెబుతాను. మనవాళ్ళు కన్నవాళ్ళను విమానం ఎక్కించి రప్పించుకుంటారు, శనివారం గుడికి, ఆదివారం మాల్‌కు తీసుకెళ్తారు, మిగతా అయిదు రోజులు టీవీ ముందు వదిలేస్తారు. మాట్లాడే పొరుగు లేదు, నడిచి వెళ్ళే దుకాణం లేదు. వాళ్ళు పైకి ఏమీ అనరు. విజయవాడ చేరాక "బాగానే గడిచింది" అంటారు. ఆ "బాగానే" అన్న మాట నేను మరిచిపోలేదు, ఈ ప్రయాణం పెట్టుకున్నది అందుకే.

కారు వెతకడం మొదలుపెట్టిన రోజు నుంచి నాన్న మనిషే మారిపోయారు. నాలుగు కార్లు చూశాం. ఆయన ముందు ఆయిల్ పుల్ల తీసి వాసన చూసేవారు, తరువాత ఇంజన్ ఆయిల్ మూత తిప్పి లోపల పాల మీగడలాంటి తెల్లటి జిడ్డు ఉందా అని చూసేవారు. అది ఉందంటే నీళ్ళు ఆయిల్‌లో కలుస్తున్నాయేమోనని అనుమానించాలి, ఆ బండి వద్దు. మూడో కారు అమ్మకందారు మేము రాకముందే ఇంజన్ వేడి చేసి ఉంచాడు. నాన్న బానెట్ మీద అరచేయి పెట్టి, నా వైపు చూసి, తల అడ్డంగా ఊపారు. చల్లటి ఇంజన్ ఎలా స్టార్టవుతుందో కొనేవాడికి తెలియకుండా దాచారన్నమాట. నాలుగోది కొన్నాం. కొనేముందు పీపీఎస్ఆర్ అనే ప్రభుత్వ రిజిస్టర్‌లో 2 డాలర్లు కట్టి చాసిస్ నంబరుతో వెతకండి. బండి మీద అప్పు మిగిలి ఉందా, దొంగిలించినదా, ప్రమాదంలో పనికిరానిదిగా రాసేసినదా అన్నీ తెలుస్తాయి. పాత యజమాని అప్పు తీర్చకపోతే కొన్నాక కూడా బండి పట్టుకుపోతారు. ఆ రెండు డాలర్ల దగ్గర పీనాసితనం వద్దు.

అక్టోబరు మొదటి వారంలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని నార్స్‌మన్ అనే ఊరి నుంచి తూర్పుకు బయలుదేరాం. 190 కిలోమీటర్లు వెళ్తే బల్లడోనియా. ఊరేమీ కాదు, పెట్రోలు, భోజనం, పడుకోవడానికి గదులు ఉండే ఒక రోడ్‌హౌస్. అందులో చిన్న మ్యూజియం ఉంది. లోపల స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం గురించి చూడగానే నాన్న ఆగిపోయారు. 1979 జులైలో స్కైలాబ్ కూలిపోతుందన్న భయం మన పల్లెలను ఎలా ఊపేసిందో పెద్దవాళ్ళను అడగండి. నాన్న అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాది. చస్తే అందరం ఒకచోటే చద్దాం, సెలవు పెట్టి రమ్మని మా నానమ్మ కబురు పంపిందట. ఇంట్లో ఉన్న కోళ్ళన్నీ కోయించి పెట్టిందట. అది వచ్చి పడింది ఇక్కడ, ఈ చుట్టుపక్కల, ఎస్పరెన్స్ అనే ఊరి వైపు. "ఇంత ఖాళీ నేల ఉండగా మా ఊరి మీద ఎందుకు పడుతుంది అనుకున్నామో!" అంటూ ఆయన చాలాసేపు అక్కడే నిలబడ్డారు. అమ్మ రెండుసార్లు పిలిచినా కదల్లేదు. రోజు అద్దె లెక్కపెట్టుకునే బండి బయట ఉంటే నేనూ తొందరపెట్టేవాడినే.

బల్లడోనియా దాటాక కొంత దూరానికి ఒక బోర్డు వస్తుంది. అక్కడి నుంచి కైగునా అనే మరో రోడ్‌హౌస్ దాకా 146.6 కిలోమీటర్లు రోడ్డు వంపు లేకుండా ఉంటుంది. రెండు పక్కలా బూడిద రంగు పొదలు, పైన ఆకాశం, ముందు తారు. కైగునా ఇంకా నలభై కిలోమీటర్లు ఉందనగా నాన్న ముక్కు ఎగబీల్చి "తియ్యటి వాసన వస్తోంది, పక్కకు తీయి" అన్నారు. నాకు ఏ వాసనా తెలియలేదు. ఉష్ణోగ్రత ముల్లు అప్పటికి నడిమి గీత కూడా దాటలేదు. పక్కకు తీసి ఆపేలోపు ముల్లు లేచింది, బానెట్ అంచుల నుంచి ఆవిరి మొదలైంది. ఫోనులో సిగ్నల్ లేదు.

నీళ్ళ క్యాను తీసుకుని పరుగెత్తుకొచ్చాను. నాన్న నా మణికట్టు పట్టుకున్నారు. "కాలుతున్న ఇంజన్ మీద చన్నీళ్ళు పోస్తే హెడ్డు పగులుతుంది. కూర్చో." ముప్పావు గంట కూర్చున్నాం. అమ్మ కారు నీడలో దుప్పటి పరిచి పులిహోర డబ్బా తెరిచింది. ఈగలు కళ్ళలోకి, నోట్లోకి వస్తున్నాయి, కొంగుతో విసురుతూనే ఉంది. అంత నిశ్శబ్దంలో ఇంజన్ చల్లారుతూ టిక్, టిక్ అనడం వినిపించింది.

రేడియేటర్ పై హోస్ పైపు క్లిప్పు దగ్గర అంగుళం మేర చీలింది. అక్కడ రబ్బరు ఉబ్బి, వేలితో నొక్కితే పండిన సపోటాలా లోపలికి పోతోంది. ఆయన పైపు ఊడదీసి, అమ్మ కూరగాయల కత్తి అడిగి, చీలిన భాగం మట్టుకు చక్రంలా కోసేశారు. మిగిలిన పైపు అందుతుందా అని నా భయం. ఆయన దాని లోపలి అంచుకు సబ్బు రాసి, రెండు చేతులతో తిప్పుతూ నెట్టి ఎక్కించారు. పెర్త్‌లో పట్టుబట్టి కొనిపించిన స్క్రూడ్రైవర్‌తో క్లిప్పు బిగించారు. ఇంజన్ మెల్లగా తిరుగుతుండగా నీళ్ళు పోస్తూ, గాలి బయటికి వచ్చేలా పైపును పిసికారు. చివరగా రేడియేటర్ మూతను సగం మెట్టు వరకే తిప్పి వదిలేశారు. ఒత్తిడి నిలవకపోతే పాత పైపు మీద భారం పడదని చెప్పారు. మోచేతుల దాకా నల్లటి మసి. ఎనిమిదేళ్ళ తరువాత ఆ చేతులను అలా చూశాను.

ఈలోగా క్యారవాన్ లాగుతున్న ముసలి దంపతులు ఆగారు. ఆ రోడ్డు మీద బానెట్ ఎత్తి ఉన్న బండిని చూసి ఆగకుండా పోయేవారు తక్కువ. నాన్న ఏమి చేసేవారని పెద్దాయన అడిగాడు. ముప్పై రెండేళ్ళు బస్సులు బాగుచేశారని చెప్పాను. ఆయన చేయి చాపాడు. నాన్న తువ్వాలుతో తుడుచుకోబోతే వద్దని, ఆ మసి చేతినే పట్టుకుని ఊపాడు. కైగునా దాకా వాళ్ళు మా వెనకే, మేము డెబ్బై దాటకుండా.

అది అద్దె కారయితే? పైపును కత్తితో కోసే హక్కు మీకు ఉండదు. సహాయ నంబరుకు ఫోను చేయాలి, సిగ్నల్ లేదు. ఎవరైనా కైగునాలో చెబితే, 330 కిలోమీటర్ల వెనక ఉన్న నార్స్‌మన్ నుంచి లాగే బండి రావాలి. నాన్న అక్కడ కూడా కిటికీ పక్కన కూర్చునేవారు.

దక్షిణ ఆస్ట్రేలియాలోని సెడూనాలో, బయటి పండ్ల తెగుళ్ళు లోపలికి రాకుండా చూసే క్వారంటైన్ తనిఖీ ఉంటుంది, తాజా పండ్లు, కూరగాయలు ముందే తినేయండి. అమ్మ నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు అక్కడి డబ్బాలో వేసి రెండు రోజులు బాధపడింది. ఆ ఊళ్ళోనే హోస్ పైపులు రెండు కొన్నాం, ఒకటి బిగించడానికి, ఒకటి దగ్గర ఉంచుకోవడానికి. అక్కడి నుంచి పోర్ట్ అగస్టా, ఉలురు, అడిలైడ్. మొత్తం 8,000 కిలోమీటర్లు దాటింది, మళ్ళీ ఒక్క ఇబ్బంది లేదు.

మీరు అడగకపోయినా అమ్మకం గురించి చెప్పాలి, అందరూ భయపడేది దానికే. పశ్చిమ ఆస్ట్రేలియా నంబరు ఉన్న బండిని కొనండి. అక్కడ యజమాని మారేటప్పుడు బండి పరీక్ష పత్రం తప్పనిసరి కాదు, బదిలీకి అక్కడి చిరునామా ఉంటే చాలు, మాకు చెల్లెలి ఇల్లు ఉంది. కొన్న 14 రోజుల్లో బదిలీ చేయించుకోవాలి. అదే బండిని మెల్‌బోర్న్ స్థానికులకు అమ్మాలంటే విక్టోరియా నంబరుకు మార్చాలి, దానికి పరీక్ష పత్రం, మరమ్మతులు, ఖర్చు. అందుకని స్థానికుల చుట్టూ తిరగకండి. పడమటికి, అంటే పెర్త్ వైపు బయలుదేరే ప్రయాణికులను వెతకండి, వాళ్ళకు నంబరు మార్చే పని ఉండదు. వాళ్ళుండే హాస్టళ్ళలో కాగితం అంటించండి. అమ్మడానికి కనీసం పది రోజులు మిగుల్చుకోండి, లేకపోతే చివరి రోజున సగం ధరకు ఇచ్చేయాల్సి వస్తుంది.

మా బండిని ఇద్దరు జర్మన్ కుర్రాళ్ళు కొన్నారు, మేము వచ్చిన దారిలోనే పెర్త్ వెళ్తున్నారు. నాన్న వాళ్ళను బానెట్ దగ్గరికి పిలిచి, పై పైపు చూపించి, మిగిలిన పైపును, స్క్రూడ్రైవర్‌ను చేతిలో పెట్టారు. కత్తితో కోయడం, తిప్పుతూ ఎక్కించడం, మూత సగం మెట్టు తిప్పడం అంతా చేతులతోనే నేర్పారు. వాళ్ళు ఒకటికి రెండుసార్లు చేసి చూపించేదాకా వదల్లేదు. ఒకడు ఇంజన్ స్టార్ట్ చేశాక ఆగమని చేయెత్తి, ఒక నిమిషం చెవి పెట్టి విని, డిపోలో బస్సును పంపినట్టు బానెట్ మీద రెండుసార్లు తట్టారు.