జ్వరం తిరగబెట్టిందా, సిరప్ మానినందుకా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. నెల క్రితం ఇంటిల్లిపాదికీ ఫ్లూ వచ్చింది. డిగ్రీ చదివే మా అబ్బాయి (19) దగ్గు తగ్గలేదని మెడికల్ షాపులో సిరప్ తెచ్చుకున్నాడు. మొన్న వాడి పరుపు కింద నాలుగు ఖాళీ సీసాలు దొరికాయి. కోప్పడి డబ్బులివ్వడం మానేశాను. రెండు రోజులుగా వాడికి మళ్లీ ముక్కు కారడం, ఒళ్లు నొప్పులు, విరేచనాలు. రాత్రి నిద్ర లేదు. మా అత్తగారు తను వేసుకునే ఆల్ప్రాజొలాం (నిద్రకు, ఆందోళనకు ఇచ్చే మాత్ర) ఒకటి ఇవ్వమంటున్నారు. నిన్నటి నుంచి మావయ్యగారికి (68, షుగర్) కూడా జ్వరం, దగ్గు. స్వైన్ ఫ్లూ మళ్లీ వచ్చిందంటున్నారు. ఇద్దరికీ అదేనా?

జవాబు: అమ్మా, ఇద్దరికీ ఒకే జబ్బు కాకపోవచ్చు. ముందు మావయ్యగారి సంగతి చూద్దాం, అక్కడ టైమ్ తక్కువ. షుగర్ ఉన్న పెద్దవాళ్లలో ఫ్లూ ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా కావచ్చు. ఫ్లూ వైరస్‌ను అడ్డుకునే ఒసెల్టామివిర్ మాత్ర జ్వరం వచ్చిన 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. సాధారణంగా 75 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, ఐదు రోజులు. కిడ్నీలు బలహీనంగా ఉంటే డోసు మారుతుంది కాబట్టి డాక్టరే రాయాలి. పరీక్ష రిపోర్టు కోసం ఆగక్కర్లేదు, ఇవాళే తీసుకెళ్లండి. ఓ సెలైన్ పెట్టించేస్తే సరిపోతుందనే వాళ్లు మన లంకల్లో ఊరికి పదిమంది ఉంటారు. సెలైన్‌కు వైరస్ చావదు. ఆయాసం, ఛాతీ నొప్పి, మగత కనిపిస్తే మాత్రం 108కి ఫోన్ చేయండి.

స్వైన్ ఫ్లూ పేరు విని టెన్షన్ పడకండి. 2009లో ప్రపంచాన్ని వణికించిన ఆ హెచ్1ఎన్1 మహమ్మారి దశ 2010 ఆగస్టుతో ముగిసింది. ఇప్పుడది ఏటా వచ్చే ఫ్లూల్లో ఒకటి. ఈ జ్వరం తగ్గాక మావయ్యగారికి ఏటా ఫ్లూ టీకా వేయించండి.

ఇక అబ్బాయి. ముందు ఆ సీసా మీద సన్నక్షరాలు చదవండి. కోడీన్ (నల్లమందు జాతికి చెందిన దగ్గు మందు) అని ఉంటే విషయం వేరు. కోడీన్‌లో కొంత భాగం ఒంట్లో మార్ఫిన్‌గా మారుతుంది. వారాల తరబడి తాగి ఒక్కసారిగా మానేస్తే అచ్చం ఫ్లూలాగే ఉంటుంది: ముక్కు కారడం, చలి, కీళ్ల నొప్పులు, విరేచనాలు. తేడా ఎక్కడంటే, ఇందులో ఆవులింత మీద ఆవులింత వస్తుంది, చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, వెలుతురులో కూడా కంటి నల్లపాప పెద్దదిగానే ఉంటుంది. థర్మామీటర్ పెడితే 102 లాంటి జ్వరం సాధారణంగా కనిపించదు. ఇవాళ ఓసారి వాడిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి చూడండి.

కోడీన్ 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉంది. అంటే డాక్టరు రాసిన చీటీ ఉండాలి, షాపువాళ్లు డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. మీవాడి నాలుగు సీసాలకు ఎవరి పేరు రాశారో మరి! అసలు ఫ్లూ తర్వాత పొడిదగ్గు రెండు మూడు వారాలుండటం మామూలే. వేడినీళ్లు, తేనెతో నెట్టుకొస్తే దానంతటదే పోయేది.

ఆల్ప్రాజొలాం మాత్రం వద్దు. సిరప్ మళ్లీ ఎక్కడైనా తాగి, దాని మీద ఈ మాత్ర పడితే ఊపిరి ఆడటమే మందగిస్తుంది. నిద్రలోనే ప్రాణం పోయిన సందర్భాలున్నాయి. అత్తగారి మాత్రలు బీరువాలో పెట్టి తాళం వేయండి. అలాగని ఆవిడవి హఠాత్తుగా మాన్పించకండి, ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

డబ్బులు ఆపడం తప్పు కాదు, కానీ అదే వైద్యం కాదు. ఈ బాధ చాలామందికి వారం పది రోజుల్లో తగ్గుతుంది, తట్టుకోవడానికి మందులున్నాయి. కాకినాడ ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్య విభాగం ఉంది. ముందు మాట్లాడాలనుకుంటే 14446కి ఫోన్ చేయండి, అది మత్తు మానిపించే జాతీయ హెల్ప్‌లైన్, డబ్బు పడదు. కొన్నాళ్లు మానేసినవాళ్లు మళ్లీ పాత లెక్కలోనే తాగితే ఒళ్లు తట్టుకోలేదు, ప్రమాదం అప్పుడే ఎక్కువ. ఈ మాట వాడికి కోపంగా కాకుండా, భోజనం పెట్టాక చెప్పండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ ఖాళీ సీసాలు సంచిలో వేసుకెళ్లడం మర్చిపోకండి.