డిసెంబరు నెలంతా అల్లికలు, పిండివంటలు, కేకులతో గడపడం నిజంగా అవసరమా?

క్రిస్మస్‌కు కావలసినవన్నీ బజారులో దొరుకుతున్నప్పుడు నెల ముందు నుంచే ఇంట్లో స్టార్లు కట్టుకుంటూ, లేసు అల్లుకుంటూ, కేకులు కాల్పించుకుంటూ అంత శ్రమ పడడం ఎందుకని మీరు అడిగారు. అవసరమేనని నా గట్టి అభిప్రాయం. డబ్బు కలిసివస్తుందని నేను చెప్పడం లేదు. వెన్న, గుడ్లు, ఎండు పళ్లు, బేకరీవాళ్ల కూలీ అన్నీ కలిపి చూస్తే ఇంటి కేకుకే ఎక్కువవుతుంది. రుచి సంగతి ఎవరి నాలుక వారిది. నలుగురి చేతులూ ఒకే పనిలో ఉన్నప్పుడు తప్ప నోటికి రాని మాటలు ప్రతి కుటుంబంలోనూ ఉంటాయి. నిరుటి డిసెంబరులో మా ఇంట్లో జరిగినది చూశాక ఈ విషయంలో నాకు సందేహం లేదు.

మాది నరసాపురం. గోదావరి డెల్టాకు మిషనరీలు పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో వచ్చారు. ఆ శతాబ్దంలోనే మిషనరీ కుటుంబాల స్త్రీలు నేర్పిన క్రోషే, అంటే కొక్కెం సూదితో లేసు అల్లే పని, మా వైపు ఊళ్లలో ఇంటింటి పనిగా స్థిరపడింది. మా అమ్మ కూడా పెళ్లి కాకముందు నుంచీ ఏజెంటు తూచి ఇచ్చిన దారంతో బల్లగుడ్డలూ మంచం దుప్పట్లూ అల్లి, తిరిగి తూకం వేసి ఇచ్చేది. పదకొండు నెలలు ఎవరి ఇళ్లకోసమో అల్లినా, డిసెంబరులో మాత్రం ఇంటికీ చర్చికీ తప్ప సూది పట్టేది కాదు. డెబ్బై దాటిన ఈ వయసులోనూ ఆ నియమం తప్పలేదు. నిరుడు ఉద్యోగం ఇంటి నుంచే చేసుకునే వీలు దొరకడంతో నేను నెల మొదట్లోనే ఊరికి వెళ్లేసరికి, చర్చిలో బల్ల మీద పరిచే గుడ్డకు ఆమె అప్పటికే అనాసపండు నమూనాలో అంచు మొదలుపెట్టింది. ఆ నమూనాలో ఒక్కో వరుసకూ కుట్లు తగ్గుతూ కొన వైపు సన్నబడుతుంది కనుక, మాట్లాడుతూనే వేళ్లతో లెక్క పెట్టుకోవాలి. అమ్మ మాట ఆగేది కాదు, లెక్క తప్పేది కాదు.

ఈ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే మా ఊరి పేరు ఇక్కడి లేసుకే చెందుతుందన్న గుర్తింపు, వచ్చింది. సంతోషించాల్సిన విషయమే. అయినా మిషను మీద నేసిన లేసును మా ఊరి పేరు చెప్పి అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. చేత్తో అల్లిన స్త్రీకి దక్కే కూలీ, పట్నంలో దుకాణం అద్దాల వెనుక కనిపించే ధరలో ఎంత చిన్న భాగమో తలుచుకుంటే బాధ కలుగుతుంది. చేతిపనులు ఎందుకని అడిగేవారు ఒక్క అనాసపండు మోటిఫ్ అల్లి చూస్తే, ఇంకెప్పుడూ లేసు దగ్గర బేరమాడరు.

స్టార్ కట్టడం మా నాన్న పని. ఆయన పోయాక రెండేళ్లుగా మా గుమ్మానికి ప్లాస్టిక్ స్టారే వేలాడింది. నిరుడు అన్నయ్య వెదురు తెచ్చి బద్దలు చీల్చాడు. ఐదు పొడుగు బద్దలతో ఒక స్టారు చొప్పున రెండు కట్టి, వాటి కొనలు జత చేసి బిగించి, నడుమ ఐదు పొట్టి బద్దలు నిలబెడితే రెండూ ఎడంగా ఉబ్బి లోపల బల్బుకు చోటు ఏర్పడుతుంది. మైదా ఉడికించిన జిగురులో పురుగు పట్టకుండా చిటికెడు మైలతుత్తం వేస్తారు. అది విషం కనుక ఆ గిన్నెను పిల్లలకు అందనీయకూడదు. మేనకోడలు రంగు కాగితాలు కత్తిరించింది. బజారులో దొరికే స్టార్లు ఒక్క ఏడాదికే పెళుసెక్కి విరిగి, మరునాడు కాలువలో తేలుతాయి. వెదురు చట్రం అటక మీద పెట్టుకుంటే ఏటా కాగితం మార్చుకోవచ్చు.

పిండివంటల్లో మాకు గవ్వలూ గులాబీ పువ్వులూ ముఖ్యం. గులాబీ పువ్వుల అచ్చును ముందు నూనెలో బాగా కాగనిచ్చి, పిండిలో ముప్పావు వంతు మాత్రమే ముంచాలి. పిండి అచ్చు పైఅంచు దాటితే పువ్వు విడివడదు. ఈ పని వదినకు అప్పగించి మేమందరం గవ్వల చెక్కలు పట్టుకున్నాం.

ఇక కేకు. చాలామంది ఇళ్లలో ఓవెన్లు వచ్చినా మా వీధిలో ఇప్పటికీ కేకు పిండిని బేకరీకి తీసుకువెళ్లి కట్టెల బట్టీలో కాల్పించుకుంటారు. అమ్మ పెద్ద బేసినులో వెన్నా పంచదారా తెల్లబడే వరకూ చేత్తోనే గిలకొట్టి, గుడ్లు ఒక్కొక్కటిగా కలిపి, రంగు కోసం మాడ్చిన పంచదార పాకం పోసింది. గుడ్డ కప్పిన ఆ బేసినును అన్నయ్య ఆటోలో ఒడిలో పెట్టుకు కూర్చున్నాడు. మేము చేరేటప్పటికే బేకరీ వరండాలో బేసిన్లతో స్త్రీలు బారులు తీరి ఉన్నారు. ప్రతి టిన్నుకూ పేరు రాసిన చీటీ అంటించి ఇవ్వాలి. రొట్టెలకు ఎక్కువ వేడి కావాలి కనుక అవి ముందు కాలతాయి; బట్టీ ఇటుకలు వేడిని చాలాసేపు పట్టి ఉంచుతాయి కనుక, ఆ మిగులు వేడి నెమ్మదించాక కేకుల వంతు వస్తుంది. బేకరీ మాస్టరు బట్టీ లోపలికి గుప్పెడు పిండి చల్లి చూసేవాడు. అది వెంటనే నల్లబడితే తలుపు తెరిచి ఉంచి ఇంకా ఆగాలనేవాడు. చివరికి పిండి నిదానంగా గోధుమరంగుకు తిరగడం చూసి, పొడుగాటి చెక్క తెడ్డు మీద టిన్నులు ఒక్కొక్కటే లోపలికి తోశాడు. అప్పటికి అర్ధరాత్రి దాటింది.

ఆ నిరీక్షణలోనే అసలు సంగతి జరిగింది. నాన్న పోయినప్పటి నుంచి, పాత ఇల్లు అమ్మే విషయంలో అన్నయ్యకూ నాకూ మధ్య మాట పెళుసుగా ఉంది. ఫోనులో ఆరోగ్యం అడిగి పెట్టేసేవాళ్లం. ఆ రాత్రి బల్ల మీద మా ఇద్దరి మధ్య ఖాళీ బేసిను, అవతల అమ్మ అల్లిక, ఆమె ఒడిలో నిద్రపోతున్న మేనకోడలు. అల్లిక మీద నుంచి తల ఎత్తకుండానే అమ్మ, "ఇల్లు అమ్మితే నేను ఎవరి దగ్గర ఉండాలో మీరిద్దరూ మాట్లాడుకున్నారా?" అని అడిగింది. మా ఇద్దరికీ జవాబు దొరకలేదు. కొంతసేపటికి అన్నయ్య, తనకు అప్పు ఉన్నదనీ, ఆ సంగతి చెప్పుకోలేకనే అమ్మకం అంటున్నాడనీ నాతో చెప్పాడు. ఎంత అప్పో, ఎవరి దగ్గరో, వడ్డీ ఎంతో, కేకులు బయటికి వచ్చేలోగా అన్నీ చెప్పాడు. అదే మాట మా హాలులో టీవీ ముందు కూర్చుని ఉంటే అతని నోట వచ్చేది కాదని నేను ఖాయంగా చెప్పగలను. ఇల్లు అమ్మాలా వద్దా అన్నది ఆ రాత్రి తేలలేదు. జనవరిలో అప్పులో కొంత నేను కట్టాను, అమ్మకం ప్రస్తుతానికి ఆగింది.

పండుగ ముందురోజు ఒక దుకాణంలో ప్లమ్ కేకు అని రాసి అమ్ముతున్న డబ్బా కొని తెరిచాం. అందులో ఎండు ద్రాక్ష ఒక్కటి లేదు. పచ్చి బొప్పాయితో చేసే టూటీ ఫ్రూటీ మాత్రం ఉంది. పేరు రాసుకునే ముందు కాస్త పండు వేయాలన్న బాధ్యత అమ్మేవారికి ఉండాలి. దాని కోసం వరుసలో నిలబడి కొనడంలో మాలో ఎవరికీ ఒకరితో ఒకరికి మాట్లాడుకునే పని పడలేదు.

మీకు నెలంతా వీలు కాకపోతే గవ్వలతో మొదలుపెట్టండి. ఐదేళ్ల పిల్లలూ ఎనభై ఏళ్ల పెద్దలూ పక్కపక్కన కూర్చుని చేయగల వంట అది. పిండి కొంచెం గట్టిగా కలపండి, లేకపోతే చెక్కకు అంటుకుంటుంది. మీ ఊళ్లో కట్టెల బట్టీ ఉన్న బేకరీ ఉంటే డిసెంబరు రెండో వారంలోనే వెళ్లి పేరు రాయించుకోండి. పండుగ దగ్గరపడ్డాక వాళ్లు కొత్త టిన్నులు తీసుకోరు. వెళ్లేటప్పుడు ఇంట్లో అలకలో ఉన్నవారిని బేసిను మోయడానికి వెంట తీసుకువెళ్లండి.