ఎండలు ముదరకముందే ఏది పూర్తి చేయాలి?

ప్రశ్న: ఢిల్లీలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి కోసం సంక్రాంతి తరువాత ఊలుతో ఒక జత మేజోళ్లు, ఒక స్వెటర్ మొదలుపెట్టాను. ఒక మేజోడు పూర్తయింది, రెండవది మడమ దగ్గరకు వచ్చింది. స్వెటర్ వెనుక భాగం 110 కుట్లతో ముగించి, ముందు భాగం జానెడు అల్లాను. ఉగాది దగ్గరపడేసరికి చేతులకు చెమట పట్టి, ఊలు సూది మీద జారక, అల్లిక బిగుసుకుపోతోంది. వానాకాలం వరకు పని ఆపమంటారా?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: పూర్తిగా ఆపవద్దు, పని వరుసను మార్చుకుంటే చాలు. ఊలు తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకోగలదు కనుక, చెమట చేతిలో అది బరువెక్కి సూదిని పట్టేస్తుంది, మనకు తెలియకుండానే దారాన్ని గట్టిగా లాగుతాం. ఆ బిగువు ఎంతో కంటితో తేల్చుకోకండి. ఇప్పుడు అల్లుతున్న చోట 10 సెంటీమీటర్ల వెడల్పులో ఎన్ని కుట్లు పడుతున్నాయో, వెనుక భాగంలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చూడండి. అక్కడ 22, ఇక్కడ 24 ఉన్నాయనుకుంటే, అవే 110 కుట్లు వెనుక 50 సెంటీమీటర్లు, ముందు సుమారు 46 సెంటీమీటర్లు వస్తాయి. అంత తేడాను పక్క కుట్టులో సర్దడం సాధ్యం కాదు. తేడా ఉన్నంత మేర విప్పి, 4 మిల్లీమీటర్ల సూదికి బదులు నాలుగున్నరది వాడవచ్చు గాని, సగం ముక్క ఒక బిగువులో, మిగతా సగం మరో బిగువులో ఉంటే ఛాతీ మీద అడ్డంగా గీత కనిపిస్తుంది. అందుకే ముందు భాగాన్ని వాతావరణం చల్లబడ్డాక అల్లడమే మంచిదని నా అభిప్రాయం. అంతవరకు కుట్లను లోహపు సూది మీద వదిలేయకుండా, వేరే రంగు నూలు దారంలోకి ఎక్కించి పెట్టండి.

ఈ ఎండల్లో చేయదగినది మేజోడే. అది ఒడిలో బరువు వేయదు, తెల్లవారుజామున కాసేపు కూర్చుంటే ముందుకు సాగుతుంది. వెదురు సూదులు దొరికితే వాడండి, తడి చేతికి లోహం కన్నా అవి నయం. మొదటి మేజోడులో మడమ పట్టీకి, పాదానికి ఎన్ని వరుసలు పడ్డాయో లెక్కపెట్టి కాగితం మీద రాసుకుని, రెండవదాన్ని ఆ లెక్క ప్రకారమే అల్లండి. సాగే అల్లికను టేపుతో కొలిస్తే ప్రతిసారీ ఒక్కో కొలత వస్తుంది. మడమ దగ్గర ఊలు త్వరగా అరిగిపోతుంది కనుక, మొదటిదానిలో ఏ దారం కలిపారో అదే ఇక్కడా కలపాలి. వేళ్ల వైపు కుట్లు తగ్గించే ముందు అబ్బాయి పాదం పొడవు ఫోనులో అడిగి తెలుసుకోండి. మేజోడు పాదం కన్నా సెంటీమీటరు పొట్టిగా ఉంటేనే కాలికి అతుక్కుని నిలుస్తుంది.

మేజోడు అయ్యాక చేతులు ఊరుకోకపోతే స్వెటర్ చేతులు మొదలుపెట్టండి. రెంటినీ ఒకే సూది మీద, రెండు వేర్వేరు ఊలు ఉండలతో పక్కపక్కనే అల్లితే బిగువు ఎలా ఉన్నా రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది. అయితే ఇప్పటి బిగువులో ఒక చిన్న ముక్క అల్లి, దాని కొలతను బట్టే కుట్ల సంఖ్య నిర్ణయించుకోవాలి. ఊలు తక్కువ పడేటట్లుంటే అదే లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేసిన ఊలుకు ఇచ్చే సంఖ్య) ఉన్న ఉండలను ఇప్పుడే కొనిపెట్టుకోండి. లాట్ మారితే ఒకే రంగు అయినా ఛాయలో తేడా పగటి వెలుతురులో తెలిసిపోతుంది.

పక్కన పెట్టే ముక్కలకు చెమట మరకలు ఉంటే ఉతికి, బాగా ఆరబెట్టి, గట్టిగా మూత ఉన్న డబ్బాలో పెట్టండి, ఎందుకంటే చిమ్మట పురుగులు చెమట అంటిన ఉన్నినే ముందుగా తింటాయి. ఉతికేటప్పుడు పిండకుండా తువ్వాలులో చుట్టి నీరు తీసి, తీగ మీద వేలాడదీయక నీడలో నేల మీద పరిచి, వెనుక భాగం 50 సెంటీమీటర్లే ఉందో లేదో అప్పుడు మరోసారి కొలవండి.