పురుగుమందు కొట్టాక సుడిదోమ ఎందుకు పెరిగింది? (సమాధానం)

అన్నా, పైరిత్రాయిడ్ రకం పురుగుమందు రెండుసార్లు కొట్టినా వరిలో సుడిదోమ ఇంకా ఎక్కువైందని రాశారు కదా. మందు నకిలీది కాకపోయినా ఇలా జరుగుతుంది.

ఎండతో వరి తయారుచేసుకున్న చక్కెర రసాన్ని దుబ్బు మొదట్లో కూర్చుని దోమ పీలుస్తుంది. ఆ దోమను సాలీడు తింటుంది. మిరిడ్ నల్లి అనే చిన్న పురుగు ఇంకా మేలు చేస్తుంది, దోమ గుడ్లనే పీల్చేస్తుంది. ఆ గుడ్లు కాండాన్ని చుట్టి ఉండే ఆకు తొడుగు లోపల ఉంటాయి కాబట్టి మందుకు అందవు. మీ మందుకు సాలీళ్లు, నల్లులు చచ్చాయి, గుడ్లు మిగిలాయి. వారం పది రోజుల్లో అవి పొదిగాయి, తినేవాళ్లు లేరు.

ఇప్పుడు పైరిత్రాయిడ్ల జోలికి పోవద్దు. నీళ్లు తీసేసి మడి ఆరబెట్టండి. యూరియా ఆపండి, నత్రజని ఎక్కువైన మెత్తటి మొక్కలో దోమ మరీ తొందరగా పెరుగుతుంది. దుబ్బులు పాయలుగా విడదీసి గాలి, వెలుతురు తగలనివ్వండి. దుబ్బు తట్టి ఎన్ని దోమలు, ఎన్ని సాలీళ్లు రాలాయో లెక్కపెట్టి, ఆ లెక్కతో వ్యవసాయాధికారిని అడిగాకే ఇంకో మందు.

వచ్చే పంటకు పశువుల ఎరువు వేయండి. కుళ్లే చెత్తను తిని నీటిలో చిన్న పురుగులు పెరుగుతాయి. దోమ రాకముందు సాలీళ్లకు తిండి అవే.