6 గిగాహెర్ట్జ్ వై-ఫైలో కూడా స్పీడ్ రాకపోతే ఏం చూడాలి?

ముందు రూటర్ ఉన్న గదిలోనే నిలబడి టెస్ట్ చేయండి. అక్కడ బాగా వచ్చి పక్క గదిలోకి వెళ్లగానే పడిపోతే రూటర్‌ని అనుమానించకండి, 6 గిగాహెర్ట్జ్ సిగ్నల్ 2.4 గిగాహెర్ట్జ్ లాగా గోడలు దాటి పోలేదు, మధ్యలో రెండు కాంక్రీటు గోడలుంటే 5 గిగాహెర్ట్జే నయం.

దగ్గర కూడా రాలేదా? అయితే ఫోన్ అసలు ఏ బ్యాండ్‌కి, అంటే 2.4, 5, 6 గిగాహెర్ట్జ్‌లలో దేనికి కనెక్ట్ అయిందో చూడండి. రూటర్‌లో మూడు బ్యాండ్లకీ ఒకే వై-ఫై పేరు పెట్టి ఉంటే అది తనకిష్టమైనదాన్ని పట్టుకుని వదలదు, మనమేమో 6లోనే ఉందనుకుంటాం! కాసేపు 6కి వేరే పేరు పెట్టి చూస్తే తేలిపోతుంది. ఆ పేరే కనబడకపోతే డివైస్‌కి వై-ఫై 6ఈ లేదా 7 సపోర్ట్ ఉందో లేదో చూసుకోండి, వై-ఫై 6 మాత్రమే ఉంటే చాలదు. ఈ బ్యాండ్‌కి డబ్ల్యూపీఏ3 (వై-ఫై పాస్‌వర్డ్ భద్రతలో కొత్త రకం) సెక్యూరిటీ తప్పనిసరి, విండోస్ ల్యాప్‌టాప్ అయితే విండోస్ 11 ఉండాలి.

రూటర్ సెట్టింగ్స్‌లో ఛానల్ విడ్త్ (సిగ్నల్ వెళ్లే దారి వెడల్పు) కూడా చూడండి. 80 మెగాహెర్ట్జ్‌లో ఉంటే 160కి మార్చండి. వై-ఫై 7లో 320 దాకా ఉంటుంది కానీ ఫోన్ కూడా దానికి సపోర్ట్ చేయాలి, చాలా ఫోన్లు 160 దగ్గరే ఆగిపోతాయి.

ఎంత మార్చినా స్పీడ్ 90-95 ఎంబీపీఎస్ దగ్గరే ఆగుతోందంటే అది వై-ఫై గొడవ కాకపోవచ్చు. మోడెమ్ నుంచి రూటర్‌కి వచ్చే కేబుల్ పాతదో, లోపల ఒక తీగ తెగిందో అయితే లింక్ 100 ఎంబీపీఎస్‌కి పడిపోతుంది. ముందు ఆ కేబుల్ మార్చండి.