కత్తెర పురుగు: ఉమ్మడి పరిశోధన మొక్కజొన్న రైతుకు ఎలా ఉపయోగపడుతుంది?

ప్రశ్న: మొక్కజొన్నలో కత్తెర పురుగుకు ఏటా మందులు మార్చి పిచికారీ చేస్తున్నా ఉధృతి తగ్గడం లేదు. దీనిపై అనేక విశ్వవిద్యాలయాలు కలిసి పరిశోధన చేస్తున్నాయంటున్నారు. దానివల్ల మా పొలానికి ఒరిగేదేమిటి? – ఒక రైతు

జవాబు: కత్తెర పురుగు అమెరికా ఖండాలకు చెందినది. 2016లో ఆఫ్రికాలో కనిపించిన ఈ పురుగును మన దేశంలో 2018 మే నెలలో శివమొగ్గలోని వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు అక్కడి మొక్కజొన్న పొలాల్లో గుర్తించారు. రెక్కల పురుగులు గాలివాటున ఒక్క రాత్రిలో 100 కిలోమీటర్ల దాకా ప్రయాణించగలవు కాబట్టి ఏ ఒక్క సంస్థ తన పరిధిలో చేసే పరిశోధనతో దీనికి పూర్తి పరిష్కారం దొరకదు.

కొత్త ప్రాంతానికి చేరిన పురుగు, స్వస్థలంలో తనను అదుపులో ఉంచిన శత్రువులను అక్కడే వదిలి వస్తుంది. దాని విజృంభణకు ఇది ఒక ప్రధాన కారణం. అందుకే ఇక్కడి మిత్రపురుగుల్లో ఏవి దీనికి అలవాటు పడుతున్నాయో తెలుసుకోవడానికి వివిధ రాష్ట్రాల శాస్త్రవేత్తలు పొలాల్లో గుడ్లను, లార్వాలను సేకరించి పరిశీలించారు. గుడ్లలో ట్రైకోగ్రామా, టెలినోమస్ అనే సన్నని కందిరీగ జాతి పరాన్నజీవులు, లార్వాల్లో కాంపోలెటిస్ అనే పరాన్నజీవి, మెటారైజియం రిలేయి అనే శిలీంధ్రం సహజంగానే ఉన్నట్లు ఆ సర్వేల్లో తేలింది. మీ పొలంలోనూ వీటిని చూడవచ్చు: ట్రైకోగ్రామా సోకిన గుడ్లు నల్లబడతాయి, శిలీంధ్రం సోకిన పురుగు ఆకుకు అతుక్కుని బిగుసుకుపోయి, ముందు తెల్లగా, తర్వాత లేత ఆకుపచ్చగా మారుతుంది. అలాంటివి కనిపిస్తున్న పొలంలో తొందరపడి ఘాటైన మందు కొట్టడం చేతికందిన సాయాన్ని తోసేయడమేనని నా అభిప్రాయం.

మందు పనిచేయకపోవడానికి ఎక్కువగా కారణం మందు కాదు, కొట్టే అదను. పురుగు మొత్తం తినే ఆకులో అధిక భాగం చివరి దశలోనే తింటుంది. అప్పటికి అది మొక్క నడిమి లేత ఆకుల సుడి లోపల, తన విసర్జితాల అడుగున దాక్కుని ఉంటుంది కాబట్టి ద్రావణం దాన్ని తాకదు. తలపై తలకిందులైన వై అక్షరం, తోక దగ్గర చతురస్రంగా నాలుగు నల్లని చుక్కలు స్పష్టంగా కనిపించే పెద్ద పురుగులే సుడుల్లో ఉన్నాయంటే అదను దాటినట్లే.

మొలకెత్తిన నాటి నుంచి ఎకరాకు నాలుగైదు లింగాకర్షక బుట్టలు (మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించి పట్టేవి) పెట్టి, వారానికి రెండుసార్లు ఆకులు తిప్పి చూడండి. నూగు కప్పిన గుడ్ల సముదాయాలు కనిపిస్తే చేతితో నలిపేయండి. ఆకులపై పచ్చదనం గీకినట్లు తెల్లని పొరలు కనిపించే తొలి దశలో 1500 పీపీఎం వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు కలిపి పిచికారీ చేయండి. అప్పటికీ తగ్గకపోతే ఎమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్‌జీ 0.4 గ్రాములు గాని, స్పైనటోరామ్ 11.7 ఎస్‌సీ 0.5 మిల్లీలీటర్లు గాని లీటరు నీటికి కలిపి, సాయంత్రం వేళ సుడి తడిసేలా కొట్టండి. మందు మార్చడమంటే కంపెనీని మార్చడం కాదు, పురుగుపై వేరే తీరులో పనిచేసే రసాయనాన్ని ఎంచుకోవాలి; ప్యూర్టోరికో వంటి చోట్ల ఈ పురుగు అనేక మందులకు తట్టుకునే శక్తిని పెంచుకుంది.

పశువులున్న రైతులకు మరో మాట. కెన్యాలోని ఇసిపె అనే కీటక పరిశోధన సంస్థ, బ్రిటన్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రం కలిసి కాండం తొలుచు పురుగు కోసం రూపొందించిన పద్ధతి కత్తెర పురుగును కూడా తగ్గిస్తున్నట్లు తేలింది. మొక్కజొన్న సాళ్ల మధ్య డెస్మోడియం అనే పప్పుజాతి మొక్క, చుట్టూ బ్రాకియేరియా గడ్డి వేస్తారు. రెండూ మేతకు పనికొస్తాయి.

ఇక మీ ప్రశ్నకు సూటిగా: మీ పొలంలో ఏ మిత్రజీవులను కాపాడుకోవాలో, ఏ పద్ధతులు పనిచేస్తాయో తెలియడమే ఉమ్మడి పరిశోధనతో మీకు ఒరిగేది. దానికి మీ వంతు సాయంగా, పైన చెప్పినట్లు గుడ్లు నల్లబడినా, పురుగు బిగుసుకుపోయినా, ఆ ఆకు ముక్కను పొడి కాగితంలో చుట్టి, తేదీ, వాడిన మందు పేరు రాసి దగ్గరలోని వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఇవ్వండి. పాలిథిన్ సంచిలో వేస్తే చెమ్మకు కుళ్లిపోయి పరీక్షకు పనికిరాదు.